లారీ కమాను పట్టీతో కత్తిపీట: కొలిమి డైరీ

2024 నవంబరు 3, ఆదివారం

సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా అక్కా వాళ్ల ఇంట్లో రోజుల తరబడి నడుము లోతు నీళ్లు నిలిచాయి. వంటింటి సామానులో చాలా భాగం కడిగి తోముకుంటే మళ్లీ వాడుకలోకి వచ్చింది గాని, అమ్మమ్మ కాలం నాటి కత్తిపీట మాత్రం బురదలో కూరుకుపోయి, అంచు పొడవునా గుంటలు పడేంతగా తుప్పు తినేసింది. మొన్న దీపావళికి వెళ్లినప్పుడు అక్క దాన్ని నా చేతికిచ్చి, "పీటకేం కాలేదురా తమ్ముడూ, కత్తే పోయింది. నువ్వు పెరట్లో ఇనుము కాలుస్తున్నావట గదా, దీనికి సరిపడా ఒకటి చేసిపెట్టు" అంది. ఈ డైరీ అందుకోసం మొదలుపెట్టాను. నేరుగా కత్తిపీటకు పూనుకోకుండా, ముందు ఒక కూరగాయల చాకు చేసి చెయ్యి తిరిగాక దాని జోలికి వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

పాత కత్తిని పారేసే ముందు, అది ఏ లోహంతో చేసిందో చూద్దామని గ్రైండరు చక్రానికి ఆనించాను. వెన్ను వైపు ఆనిస్తే నిప్పురవ్వలు పొడవైన దారాల్లా, చీలకుండా, నారింజ రంగులో సాగిపోయాయి. అంచు వైపు ఆనిస్తే అవే రవ్వలు కాకరపువ్వొత్తి వెలిగించినట్టు పూలుపూలుగా విచ్చుకున్నాయి. లోహంలో కార్బన్ ఎక్కువయ్యేకొద్దీ రవ్వలు అలా చీలి పూస్తాయి. అనుమానం తీరక గరుకు కాగితంతో ఒక జానెడు మేర తెల్లగా రుద్ది, నిమ్మచెక్క పట్టించి పావుగంట వదిలేశాను. అంచు వెంబడి వేలెడు వెడల్పున నల్లటి చార, పైన తెల్లటి భాగం, రెండింటి మధ్య అలలా సాగిన అతుకు గీత కనిపించాయి. అంటే అమ్మమ్మకు ఆ కత్తి చేసిచ్చిన కమ్మరి మెత్తటి ఇనుముకు అంచు మాత్రం ఉక్కు అతికి సాగగొట్టాడన్న మాట. ఉక్కు అపురూపంగా ఉన్న రోజుల్లో, దాన్ని కావలసిన చోటే వాడిన పనితనం అది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు దేశాంతరాలకు ఎగుమతి అయిన చరిత్రను పుస్తకాల్లో చదివినప్పటి కన్నా, ఇంట్లో డెబ్బై ఏళ్లుగా వంకాయలు తరిగిన కత్తి మీద ఈ గీతను చూసినప్పుడు నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగింది.

నవంబరు 10, ఆదివారం

ఇవాళంతా ఆటోనగర్‌లో గడిచింది. మా కానూరు ఇంటి నుంచి సైకిలు మీద వెళ్లేంత దూరమే. లారీల బాడీలు కట్టే షెడ్లు, కమాను కట్టలు విప్పి బిగించే మెకానిక్కులు, పాత ఇనుప కొట్లు ఒకే చోట ఉండడం వల్ల పాత లోహంతో పని చేసేవాడికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. పాత ఇనుములో ఏది పనికొస్తుందో ముందే ఒక లెక్క వేసుకుని వెళ్లాను. టీఎంటీ కడ్డీలు, యాంగిళ్లు కార్బన్ తక్కువైనవి కాబట్టి ఎంత కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడవు. పాత ఆకురాయిలో (లోహాన్ని అరగదీసే ఫైల్) కార్బన్ ఒక శాతం పైగా ఉంటుంది, పదును బాగా నిలుస్తుంది గాని పొడవు చాలదు. బేరింగు రింగుల్లో కార్బన్ ఒక శాతం, క్రోమియం ఒకటిన్నర శాతం దాకా ఉంటాయి. వాటిని సుత్తితో సాగదీయడం కష్టం, కాల్చడంలో కొద్దిగా వేడి మించినా పగులుతాయి. లారీ కమాను పట్టీలో (బరువు మోసే స్ప్రింగు పట్టీ) కార్బన్ సుమారు అర నుంచి 0.65 శాతం ఉంటుంది. మాంగనీసుతో పాటు రకాన్ని బట్టి సిలికానో క్రోమియమో కలిసి ఉంటుంది. వంగి మళ్లీ నిటారయ్యే గుణం కోసం చేసిన ఉక్కు గనుక, కొత్తగా నేర్చుకునేవాడి తప్పులను అది కొంత ఓర్చుకుంటుంది.

70 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పట్టీలు కిలో 60 రూపాయల చొప్పున తీసుకున్నాను. దాగలి (కాలిన ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) కోసం రైలు పట్టా ముక్క వాడితే బాగుంటుందని చాలామంది చెప్పారు. కానీ రైల్వే సొత్తును అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం, అది వేలంలో కొన్నదేనని చూపే రసీదు ఏ కొట్టులోనూ లేదు, అందుకని దాని ఊసెత్తలేదు. దానికి బదులు ఒక లారీ వెనక యాక్సిల్ షాఫ్టు దొరికింది. దాని పళ్లెం పైకి వచ్చేలా నిలబెట్టి, కాంక్రీటు పోసిన పాత డ్రమ్ములో పాతిపెట్టాను. సుత్తి వేస్తే బాగానే ఎగురుతోంది.

కొలిమి ఆగస్టులోనే కట్టాను. అరిగిపోయిన లారీ బ్రేక్ డ్రమ్ము, లోపల బంకమట్టి పూత, అడుగున గాలి గొట్టం, చేతితో తిప్పే బ్లోయరు, అంతే. ఆ గొట్టం విషయంలో చేసిన తప్పు మాత్రం రాయాలి, ఎందుకంటే అది ఆరోగ్యానికి సంబంధించినది. చేతికందింది గదా అని మొదట నీళ్ల జీఐ పైపు బిగించాను. నిప్పు తగిలే చోట తెల్లటి పొగ లేచి, దూదిలాంటి పీచు పేరుకుంది. ఆ రాత్రి నాకు చలి, ఒళ్లునొప్పులు, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. పైపు మీది జింకు పూత ఆవిరై ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వచ్చే జ్వరమది. మర్నాడే దాన్ని పీకేసి పూత లేని నల్ల పైపు పెట్టాను. మేకులైనా, గొలుసులైనా, పైన తెల్లటి పూత ఉన్న ఏ పాత సామానునూ ఇప్పుడు నా కొలిమి దరిదాపులకు రానివ్వను.

నవంబరు 17, ఆదివారం

పట్టీ నిజంగా గట్టిపడే రకమేనా అని తేల్చుకునే పరీక్ష ఇవాళ చేశాను. పాత లోహం తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పదు, దాని మీద ముద్ర ఉన్నా అరిగిపోయి ఉంటుంది. అందుకని వేలెడు ముక్క కోసి, కొలిమిలో కాల్చి, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి అంటుకోవడం మానేదాకా ఆగాను. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి లొంగడం మానేస్తుంది. ఆ తర్వాత ఇంకొంచెం ప్రకాశం పెరిగేదాకా ఉంచి, వెచ్చబెట్టిన తవుడు నూనెలో ముంచాను.

గట్టిపడి ఉంటే ఆకురాయి జారిపోవాలి. చల్లారాక పెట్టి రాస్తే లోహం తెగింది! పట్టీ పనికిరానిదేమోనని ఒక గంట సేపు దిగులుపడ్డాను. తర్వాత తట్టింది: నిప్పులో ఉన్నంతసేపూ పై పొరలోని కార్బన్ కాలిపోతుంది గనుక, నేను రాసింది ఆ చచ్చిన చర్మాన్ని. గ్రైండరుతో అర మిల్లీమీటరు తీసేసి మళ్లీ రాస్తే, ఆకురాయి గాజు మీద జారినట్టు కీచుమంటూ జారిపోయింది. ముక్కను వైసులో బిగించి సుత్తితో కొట్టగానే వంగకుండా పుటుక్కున విరిగింది. విరిగిన ముఖం మైదాపిండిలా సన్నగా, బూడిద రంగులో ఉంది. రెండో ముక్కను కావాలనే బాగా ఎక్కువగా, పసుపు రంగు వచ్చేదాకా కాల్చి ముంచాను. దాని విరుపు బొంబాయి రవ్వ పోసినట్టు తళతళలాడింది. ఆ రవ్వ ఎంత ముతకైతే కత్తి అంత పెళుసు. రెండు ముక్కలనూ దారం కట్టి కొలిమి పక్క గోడకు వేలాడదీశాను.

నవంబరు 24, ఆదివారం

చాకు సాగగొట్టడం పూర్తయింది. తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలుపెట్టాను. మన ఎండలో కాలిన ఇనుము రంగు కంటికి ఆనదు, మధ్యాహ్నం చూసి ఎరుపనుకున్నది నిజానికి నారింజ అయి ఉంటుంది. సర్కారు తుమ్మ బొగ్గు వాడుతున్నాను. రాక్షసి బొగ్గుతో పోలిస్తే త్వరగా కాలిపోతుంది, చిటపటలాడుతూ మిణుగురులు చిమ్ముతుంది, కానీ గంధకం పొగ ఉండదు, ఇరుగుపొరుగు ఏమీ అనరు.

నారింజ, పసుపు రంగుల మధ్య ఉన్నప్పుడు పది మిల్లీమీటర్ల పట్టీ తాటిముంజెలా సుత్తికి లొంగుతుంది. ముదురు ఎరుపులోకి దిగాక సుత్తి చప్పుడు మారి ఖంగుమంటుంది, అప్పుడు కూడా కొడుతూ పోతే లోపల పగుళ్లు పుడతాయి. ఆ చప్పుడు మారగానే చెయ్యి ఆపడం అలవాటు కావడానికి నాకు మూడు నెలలు పట్టింది. పూర్తయ్యాక, సుత్తి దెబ్బలకు లోపల పుట్టిన ఒత్తిడి పోయేలా మూడు సార్లు కాల్చి గాలికే చల్లార్చి, చివరగా ఒకసారి కాల్చి ఊక బూడిదలో రాత్రంతా పూడ్చి ఉంచాను.

డిసెంబరు 1, ఆదివారం

చాకు పగిలింది.

ఆకురాయితో ఆకారం తీర్చాను. అంచును మరీ పల్చన చేయకుండా రూపాయి బిళ్లంత మందం ఉంచాను, నూనెను 55 డిగ్రీలకు వెచ్చబెట్టాను, కాల్చడంలో రంగు తప్పలేదు. ముంచి, పది లెక్కపెట్టేలోగా నూనెలోంచి "టిక్" అని చిన్న చప్పుడు వచ్చింది. వేడి పాలు పోసిన గాజుగ్లాసు చేసే చప్పుడే. తీసి తుడిస్తే, పిడి వైపు అంచు నుంచి వెన్నుదాకా వెంట్రుక లాంటి గీత.

నూనె తప్పా, వేడి తప్పా అని తల పట్టుకోకుండా, గీత ఉన్న చోటే వైసులో బిగించి విరిచేశాను. జవాబు ఆ విరుపులోనే ఉంది. విరిగిన ముఖంలో ఎక్కువ భాగం తాజాగా, సన్నటి బూడిద రంగులో ఉంది. ఒక మూల మాత్రం గోరంత మేర నీలినలుపుగా, పొలుసు కట్టి ఉంది. నూనెలో పడ్డాక పుట్టిన పగులైతే అక్కడ పొలుసు కట్టే అవకాశమే లేదు. కొలిమిలోకి వెళ్లకముందే ఆ పగులు పట్టీలో ఉంది, కాల్చిన ప్రతిసారీ లోపలికి గాలి దూరి పొలుసు కట్టింది, ముంచినప్పుడు అక్కడి నుంచే మిగతాది చీలింది. ఆ ముక్క నేను పట్టీ నడుమ, బోల్టు రంధ్రం పక్క నుంచి కోశాను. గుంతల రోడ్ల మీద బరువు మోస్తూ లక్షల సార్లు వంగిన పట్టీ అలసిపోయేది ముందుగా ఆ రంధ్రం దగ్గరే. ఆ సంగతి ఆలోచించకుండా, చదునుగా ఉందన్న ఒక్క కారణంతో అక్కడ కోయడం నా పొరపాటు. నాలుగు ఆదివారాల పని పోయినందుకు బాధగానే ఉంది.

డిసెంబరు 8, ఆదివారం

మిగిలిన పట్టీలను ముందు తుప్పు పోయేలా రుద్ది, కిరోసిన్ పూసి అరగంట నానబెట్టి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన తడి సుద్ద పలచగా పూసి ఆరబెట్టాను. పగుళ్లలో దాక్కున్న కిరోసిన్ నెమ్మదిగా బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద తడిగీతలు గీస్తుంది. మొదటి పట్టీలో రంధ్రం చుట్టూ సాలెగూడులా మూడు గీతలు తేలాయి. రెండో పట్టీలో రంధ్రం దగ్గర ఒక్కటే గీత, కొసల వైపు ఏమీ లేవు. రంధ్రానికి ఇటూ అటూ జానెడు చొప్పున కోసి పారేసి, కొసల్లోంచి రెండో చాకుకూ, కత్తిపీటకూ ముక్కలు తీశాను.

డిసెంబరు 22, ఆదివారం

రెండో చాకు నిలిచింది. ముంచిన తర్వాత నూనెలోంచి ఏ చప్పుడూ రాలేదు, ఆకురాయి జారింది. అప్పటికది గట్టిదే గాని గాజంత పెళుసు, కింద పడితే విరుగుతుంది. అందుకని చేతివెచ్చన ఉండగానే వంటింటి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండు సార్లు ఉంచి పానం తీశాను, అంటే ఆ పెళుసుతనం తగ్గించాను. ఓటీజీ మీటను నమ్మకుండా లోపల విడిగా ఒక థర్మామీటరు పెట్టడం మంచిదైంది. మీట మీద 200 ఉంటే లోపల 225 చూపించింది. బయటికి తీసేసరికి తెల్లగా రుద్దిన లోహం మీద ఎండుగడ్డి రంగు సమంగా పరుచుకుని ఉంది.

పిడికి పాత ఎడ్లబండి చక్రపు ఆకు ఒకటి వాడాను. నల్లతుమ్మ కర్ర, ఏళ్ల తరబడి ఎండి గట్టిబడింది. కొండపల్లి బొమ్మలు చేసే పొనికి కర్ర మనకు దగ్గరలోనే దొరుకుతుంది గాని, అది చెక్కడానికి వీలైన తేలిక కర్ర, తడికీ రివిట్ల బిగింపుకూ నిలవదు. రెండు ఇత్తడి రివిట్లు, అరాల్డైట్, పైన అవిసె నూనె పూత. పండిన టమాటాను బరువు వేయకుండా లాగితే తెగింది.

2025 జనవరి 5, ఆదివారం

కత్తిపీట పని మొదలుపెట్టి మూడుసార్లు ఓడిపోయాక, పెనమలూరు వైపు కొలిమి నడిపే ఆచారి గారి దగ్గరికి వెళ్లాను. కత్తిపీటకు పదును ఉండేది లోపలి వంపులో, కూర్చున్న మనిషి వైపు. నేను పట్టీని కావలసినంత వంచుకుని, తర్వాత లోపలి అంచును పల్చగా సాగగొట్టడం మొదలుపెడితే, పల్చనయ్యేకొద్దీ అంచు పొడవు పెరిగి, వంపు విచ్చుకుని, కత్తి నిటారు అయిపోతోంది. ఆయన నా ముక్కను చేతిలో తిప్పి చూసి, "ముందే వంపు ఎక్కువ పెట్టుకో బాబూ. కొడవలంత వంచు. అంచు సాగేకొద్దీ అదే విచ్చుకుని నీకు కావలసిన చోటికి వస్తుంది" అన్నారు. ఆయన చెప్పినట్టే మర్నాడు అరచంద్రంలా వంచి మొదలుపెడితే, చివరి దెబ్బకు అట్టముక్క మీద గీసుకున్న పాత కత్తి గీతకు సరిగ్గా వచ్చి ఆగింది.

ఆ రోజు ఆయన ఒక కొడవలికి పానం పెట్టడం పక్కన కూర్చుని చూశాను. అంచు మాత్రం నీళ్లలో ముంచి, వెన్నులో వేడి ఉండగానే బయటికి లాగి, ఇటుకముక్కతో చురుగ్గా నాలుగుసార్లు రుద్దారు. తెల్లబడిన ఆ జాగాలోకి వెన్ను వైపు నుంచి వేడి పాకుతుంటే ముందు లేత గడ్డి రంగు, దాని వెనక గోధుమ రంగు, ఆ వెనక ఊదా, అన్నిటికన్నా వెనక నెమలికంఠం నీలం ఒకదాన్నొకటి తరుముకుంటూ అంచు వైపు నడిచాయి. గడ్డి రంగు అంచును తాకగానే కొడవలి మొత్తం నీళ్లలోకి వెళ్లింది. ఆయన దగ్గర థర్మామీటరు లేదు, గడియారం లేదు. ఆ రంగుల నడకంతా ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు.

అంత చురుకుతనం నాకు లేదు గనుక అదే ఫలితాన్ని నిదానంగా రాబట్టాను. కత్తి మొత్తాన్ని నూనెలో ముంచి, ఓటీజీలో పానం తీసి, తర్వాత అంచును తడిగుడ్డలో చుట్టి, వెన్నుకు ఎర్రగా కాలిన మందపాటి ఇనుప కడ్డీని ఆనించి నీలం రంగు వచ్చేదాకా, అంటే వెన్ను మెత్తబడేదాకా, పట్టుకున్నాను. అమ్మమ్మ కత్తిలో ఇనుము, ఉక్కు వేరువేరుగా చేసిన పనిని ఇక్కడ ఒకే ఉక్కు చేయాలి: అంచు గట్టిగా నిలవాలి, వెన్ను గుమ్మడికాయ బరువుకు వంగినా విరగకూడదు.

జనవరి 12, ఆదివారం

పాత పీటలోని గాడి కొత్త కత్తి తోకకు రెండు మిల్లీమీటర్లు వదులైంది. బండి చక్రపు ఆకులో మిగిలిన తుమ్మ ముక్కను సన్నగా చెక్కి పక్కన దిగగొడితే కదలకుండా బిగిసింది. పీట మీద వరద నీళ్లు నిలిచిన గీత ఇంకా ఉంది, దాన్ని చిత్రిక పట్టి తీసేయనా అని అడిగితే అక్క వద్దంది.

పండగకు తెచ్చిన గుమ్మడికాయను సగానికి కోసి, ఆ సగాన్ని దప్పళం ముక్కలుగా తరిగింది. తొక్క దగ్గర కూడా కత్తి ఆగలేదు. తర్వాత నేను అంచు వెంబడి గోరు నడిపించి చూశాను. పీట దగ్గర నుంచి మూడు వంతుల దాకా నున్నగా ఉంది. కొసన రెండు అంగుళాల మేర మాత్రం అంచు ఒక పక్కకు సన్నగా మడత పడింది. పగల్లేదు, మడత పడింది, అంటే అక్కడ మెత్తబడింది. వెన్నుకు కడ్డీ ఆనించినప్పుడు కొస సన్నగా ఉండడం వల్ల వేడి అంచుదాకా పాకి ఉంటుంది, అక్కడ తడిగుడ్డ రెండు చుట్లు వేయవలసింది. వెలుతురులో వంచి చూస్తే నీలం రంగు ఛాయ కూడా అంచుదాకా ఉంది.

వెంటనే తీసుకెళ్లి మళ్లీ ముంచుతానంటే అక్క ఒప్పుకోలేదు. "కొస దగ్గర ఎవరు కోస్తార్రా, పండగ మూడు రోజులూ నాకిది కావాలి" అని పీటను పక్కకు జరుపుకుంది. నిమ్మకాయ, చింతపండు తగిలితే కత్తి నల్లబడుతుందని, అది తుప్పు కాదని, వాడాక తుడిచి చుక్క నూనె రాయాలని చెప్పి వచ్చాను. మడత పడిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టాను. కనుమ వెళ్లాక తెచ్చి, కొసకు మళ్లీ పానం పెట్టాలి.